సర్వీసు అయిపోయినంక లెక్క

ముప్పై ఒక్క ఏండ్లు
పాలమూరు డిపోల కండక్టర్ని.
దేవరకద్ర, మరికల్, నారాయణపేట.
ఎవరెక్కిన్రో ఎవరు దిగిన్రో
కండ్లు మూసుకున్నా లెక్క తప్పకపోయేది.

రిటైరైన నెలకు
చేతులకు పనిలేక
ఇంట్లకొచ్చే కవర్లు లెక్కపెట్టిన,
పాత కాలెండరు ఎనకపక్క గీతలు గీసి,
సోమారం నుంచి.

పాలవి రెండు. పెరుగుది ఒకటి.
టమాటలకొకటి, పచ్చిమిరపకాయలకొకటి,
కొసరుగ ఏసిన కరేపాకు రెబ్బకు సుత ఒకటి.
కోడికూరకు నల్లది,
ఆ నల్లదాని మీద ఇంకో నల్లది.
హోటల్ చాయ్ సుత కవర్లనే,
మూతికి దారం గట్టి,
ఉడుకుడుకుగ, అలిగిన పిల్లగాని బుగ్గలెక్క.

ఐతారం మాపటికి నలభై ఒకటి.
ఉండేది ఇద్దరం.
మా ఇంట్ల నలభై ఒక్కమంది పాసింజర్లు,
ఒక్కరూ టికెట్ తీసుకోలే,
ఏ స్టేజీల దిగేటోళ్లు గారు.

మణెమ్మకు చూపెడితె
కాలెండరు దిక్కు చూసి, నా దిక్కు చూసి
"బస్సుల పల్లికాయ పొట్టు కింద పోస్తుంటె
ముప్పై ఏండ్లు నోరు మెదపనోడివి,
ఇప్పుడు నా వంటింట్ల చెకింగా?" అన్నది.

నిజమే.
పొట్టు సంగతి పక్కకు పెట్టు,
నేను చింపిచ్చిన టికెట్లే
కిటికీలకెల్లి ఎన్ని ఎగిరిపోయినయో,
మరికల్ దాటినంక ఆముదం చేన్ల మీద.
ఆ లెక్క ఏ వేబిల్లుల రాయలే.

ఆమె మాట రెండొద్దులు కడుపుల తిప్పింది.
మూడోనాడు ట్రంకుపెట్టెల ఖాకీ అంగి తీసిన.
మెడకాడ చినిగింది, వీపుకాడ చెమట మరక పోనిది.
చేతులు కత్తిరించి, అడుగు కుట్టి
మణెమ్మనే సంచి జేసింది.
జేబు మాత్రం ఉంచింది,
చిల్లర కోసమట.
బిల్ల పెట్టిన రంధ్రాలు రెండు
ఇంకా అట్లనే ఉన్నయి.

కోడికూరకు స్టీలు టిఫిన్ పట్కపోతె
దుకాణం ఫయాజ్ నవ్విండు.
డబ్బా బరువు తీసేసి తూకం ఏసిండు,
మూత ఆయనే పెట్టిండు.
మల్లవారం నవ్వలే.
మర్శిపోయి ఉత్త చేతులతోటి పోయిన దినాలు సుత ఉన్నయి.
ఆ దినం గీత పడ్డది. గంతే.

కూరగాయల తొక్కలు
మిద్దె మీద పగిలిన రంజన్ల ఏసిన.
నాలుగొద్దులకు వాసన.
పక్కింటోళ్లు కిటికీ మూసిన్రు,
మణెమ్మ మూతి తిప్పింది.
పొర మీద పొర ఎండాకు ఎయ్యాలెనని
చెప్పినామె బీచుపల్లమ్మ,
పొద్దుగాల మున్సిపాలిటీ ఆటో ఎంబడి వచ్చేటామె,
బకెట్ల చెయ్యి పెట్టి వేరుచేసేటామె.

ఆమె బొటనేలుకు కట్టు ఉండె.
ఏమైందమ్మా అంటె
"ఎవరింటి గ్లాసు ముక్కనో సారు,
అన్నంల కలిసి ఉండె" అన్నది.
మా ఇంట్ల ఆ వారమే ఒక గ్లాసు పగిలింది.
నేను చెప్పలే. ఆమె అడగలే.
అప్పటిసంది పగిలినదాన్ని పేపర్ల చుట్టి
మీద పెద్దగ రాసిన: గాజు.
ఆమెకు చదువు రాదని
రెండు నెలలకు తెలిసింది.
ఇప్పుడు చేతికే ఇస్త, చెప్పి.

పాల పాకిటు మూల కత్తిరిస్తె
ఆ చిటికెడు ముక్క ఊడిపోకుంట
సగం కాడనే కత్తెర ఆపుత.
ఎంట్రుకంత పని.
పదిసార్లల్ల ఆరుసార్లు యాదికుంటది.

మొన్న శుక్రారం
బకెట్ ఎత్తి, ఊపి చూసి
బీచుపల్లమ్మ అడిగింది:
"వారం నుంచి ఊర్ల లేరా సారు?"
ఇంట్లనే ఉన్నమమ్మా, ఇద్దరం.
ఆమె మల్లొకసారి బకెట్లకు చూసింది.
"రైట్ రైట్" అన్న, నోటి అలవాటుకు.
ఆటో కదిలింది.

మాపటికి బావమరిది కుర్మయ్య
బజ్జీలు పట్టుకొని దిగిండు.
బజ్జీలకొకటి, ఉల్లిగడ్డ ముక్కలకొకటి, చట్నీకొకటి,
మూడింటిని మోసేతందుకు ఇంకోటి.
తిన్నం. మంచిగున్నయి.
కాలెండరు తిప్పి నాలుగు గీతలు గీసిన.

మణెమ్మ కొంగుకు చెయ్యి తుడుసుకుంట వచ్చి
"పొద్దుగాల బస్టాండు కాడ తెచ్చుకొని తాగిన
చాయ్ కవరు ఏమాయె?" అన్నది.

స్క్వాడుకు దొరికిన కండక్టర్ లెక్క
తల వంచుకొని
నాలుగింటి మీద అడ్డంగ
ఐదోది గీసిన.